కిందికి దించిన డాట్సన్ 240జెడ్: టైర్లు 205/60 వేయాలా, 225/50 వేయాలా?

జెడ్_ఆస్టిన్
పోయిన నెల 1972 డాట్సన్ 240జెడ్ కొన్నాను, జపాన్ వాళ్ల పాత స్పోర్ట్స్ కారు. పదేళ్ల కోరిక. పాత ఓనర్ స్ప్రింగులు మార్చి ఒరిజినల్ కంటే దాదాపు రెండంగుళాలు కిందికి దించాడు. రిమ్ములు 15×7, ఆఫ్‌సెట్ (బిగించే చోటు రిమ్ము మధ్య నుంచి ఎంత జరిగిందో ఆ కొలత) సున్నా. వాటి మీద 225/60-15 టైర్లు ఉన్నాయి (వెడల్పు 225 మి.మీ., పక్క ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 అంగుళాలు). ఆగి ఉన్నప్పుడు ఎంత చూసినా తనివి తీరదు. కదిలిందంటే మాత్రం టెన్షన్. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు బంపర్ కింది రేకు మూలకి తగులుతోంది. ఇంటి ముందు ఎత్తు ఎక్కేటప్పుడు వెనక టైరు మడ్‌గార్డ్ అంచుకి రాసుకుని బర్రుమంటోంది. పక్కన కూర్చున్న మా అమ్మాయి చెవులు మూసుకుంటోంది.
ఇక్కడొక టైర్ షాపులో అడిగితే 225/50 వేయించుకోమన్నారు. ఒక ఫ్రెండ్ 205/60 అంటున్నాడు. వెడల్పు తగ్గించడానికి మనసు ఒప్పడం లేదు. ఈ కారు ఉన్నవాళ్లు, కిందికి దించినవాళ్లు చెప్పండి. ఏది వేయాలి?

పల్నాటి_పిల్లోడు
225/50. ఆలోచించకు. వెనక నుంచి చూస్తే టైరు నిండుగా కనబడాలి, అదే ఆ కారుకి అందం.

కారుపక్క_కాకి
డాట్సన్ కొన్నానని ఊళ్లో చెప్పావా? మా మామయ్యకి ఇలాగే ఒక 240జెడ్ ఫొటో చూపిస్తే మన దగ్గర అమ్మిన చిన్న కారు డాట్సన్ గో అనుకుని "మైలేజ్ ఎంతిస్తుంది?" అన్నాడు.

జెడ్_ఆస్టిన్
@కాకి మా నాన్న కూడా అదే అడిగారు. తర్వాత "యాభై ఏళ్ల కారుకి అంత డబ్బు పెట్టావా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

రిమ్ముల_రాజా
నా దగ్గర 1971ది ఉంది, కాలిఫోర్నియాలో, పద్దెనిమిదేళ్లుగా. తమ్ముడూ, వెడల్పు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఎత్తు తేల్చుకో. అందరూ వెడల్పు దగ్గర మొదలుపెట్టి ఎత్తు దగ్గర ఇరుక్కుంటారు. నీ కారుకి ఫ్యాక్టరీ వేసింది 175-14 టైరు, నాలుగున్నర అంగుళాల రిమ్ము మీద. ఇప్పుడున్న 225/60 దానికంటే పొడుగైన టైరు. అంటే కారుని కిందికి దించి, టైరుని పెద్దది చేశారు. రెండూ ఒకదానికొకటి ఎదురొస్తే మడ్‌గార్డ్‌కి తగలక ఏం చేస్తుంది?

లెక్కల_మాస్టారు
లెక్క కట్టి పెడుతున్నాను, మొత్తం ఎత్తులు మిల్లీమీటర్లలో.
పాత 175-14 సుమారు 635 (ఆ కాలం టైర్లకి పక్కన శాతం రాయలేదు, 80 అనుకుని కట్టాను).
225/60-15 అయితే 651.
205/60-15 అయితే 627.
195/60-15 అయితే 615.
225/50-15 అయితే 606.
కట్టే పద్ధతి ఇది: వెడల్పుని శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ము అంగుళాలని 25.4తో గుణించి కలపాలి. 205/60కి 123 రెండుసార్లు 246, దానికి 381 కలిపితే 627.
రిమ్ముల రాజా గారు చెప్పింది సరిగ్గా ఇదే. ఇప్పుడున్న టైరు ఫ్యాక్టరీ టైరు కంటే 16 మి.మీ. పొడుగు. 205/60కి మారితే ఎత్తు 24 మి.మీ. తగ్గుతుంది, అంటే ఇరుసు నుంచి పైకి 12 మి.మీ. ఖాళీ వస్తుంది. 225/50కి మారితే 22కి పైగా.

పల్నాటి_పిల్లోడు
చూశారా, ఖాళీ ఎక్కువ వచ్చేది 225/50కే. పైగా వెడల్పూ ఉంటుంది. ఇంక గొడవేంటి?

రిమ్ముల_రాజా
@పల్నాటి_పిల్లోడు గొడవ ఏమిటంటే, ఆ ఖాళీ కంటికి కనబడుతుంది. 606 టైరు వేస్తే మడ్‌గార్డ్ గుండ్రంలో టైరు చిన్నదైపోయి పైన నల్లటి ఖాళీ మిగులుతుంది. అది చూసి కారు ఇంకా ఎత్తుగా ఉందనిపించి మళ్లీ స్ప్రింగులు దించుతారు. నేనే ఆ పని చేశాను, 2009లో. దించిన మూడో వారానికి సైలెన్సర్ గొట్టం రోడ్డు మీద గీసుకుపోయింది.

పల్నాటి_పిల్లోడు
నా దగ్గర 280జెడ్ ఉంది, ఇదే కారు తర్వాతి మోడల్, 225/50 మీదే ఐదేళ్లు తిరిగాను. ఖాళీ కనబడింది నిజమే, నాకు నచ్చింది. పికప్ కూడా బాగుంటుంది, గేరు పొట్టి అయినట్టు ఉంటుంది. వారాంతం కొండల్లో నడిపేవాడికి అదే కావాలి. ఇంకో సంగతి, ఆ సైజులో రోడ్డుని బాగా పట్టుకునే మెత్తటి టైర్లు దొరుకుతాయి. 205/60లో దొరికేవి ఎక్కువగా ఫ్యామిలీ కార్ల టైర్లు.

లెక్కల_మాస్టారు
పికప్ గురించి పల్నాటి అన్నది నిజం. అమెరికాలో అమ్మిన నాలుగు గేర్ల 240జెడ్‌కి వెనక డిఫరెన్షియల్ గేరు నిష్పత్తి 3.364, నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి. ఫ్యాక్టరీ టైరుతో 70 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి సుమారు 3,200 చుట్లు తిరుగుతుంది. 606 టైరుతో అదే వేగానికి ఇంకో 150 పెరుగుతుంది. హైవే మీద గంటల కొద్దీ వెళితే చెవికి తెలుస్తుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే కారు నిజంగా వెళ్లేది 57 చిల్లర. 205/60తో అయితే 59 దాటి ఉంటుంది, దాదాపు సరైన లెక్కే.
వెడల్పు సంగతీ చెప్పాలి. 205 అని రాసి ఉన్నంత మాత్రాన 205 కాదు. ఆ సైజు కొలత ఆరంగుళాల రిమ్ము మీద తీస్తారు, అప్పుడే 209 ఉంటుంది. రిమ్ము అరంగుళం పెరిగితే టైరు పొట్ట 5 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి నీ ఏడంగుళాల రిమ్ము మీద 219. 225/50ని కొలిచేదే ఏడంగుళాల రిమ్ము మీద, అది 233. పేరులో 20 తేడా కనబడుతోంది, కారు మీద ఉండేది 14. ఒక్కో పక్కకి 7. నువ్వు బాధపడుతున్న వెడల్పు అంతే.

జెడ్_ఆస్టిన్
మాస్టారూ, ఈ లెక్క నాకు ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు. ఏడు మిల్లీమీటర్ల కోసమా నేను నిద్ర మానుకున్నది!

బర్మింగ్‌హామ్_బుజ్జి
నాది ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, జపాన్ కారు కాదు, అయినా ఒకటి చెప్పాలి. మాది కూడా దించిన కారే. 165-14 తీసేసి 185/70-14 వేశాం. కుడి పక్క హాయిగా తిరుగుతుంది, ఎడమ పక్క మాత్రం మడ్‌గార్డ్‌కి తగులుతుంది. టైరు తప్పేమో అని రెండుసార్లు మార్పించాం. చివరికి కొలిస్తే వెనక ఇరుసు ఉన్న చోటికి, బాడీకి మధ్య దూరం రెండు పక్కలా ఒకేలా లేదు. పాత కార్లని చేత్తో అతికించారు, రెండు వైపులా సమానంగా ఉంటాయని నమ్మకండి. నాలుగు చక్రాల దగ్గరా విడివిడిగా కొలవండి.

డల్లాస్_సుబ్బు
ఈ తలనొప్పంతా ఎందుకు? 16 అంగుళాల రిమ్ములు కొని 205/55-16 వెయ్యి. ఎత్తు 632 వస్తుంది. మామూలు కార్లు బోలెడు ఆ సైజు మీద తిరుగుతాయి కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. 15లో మంచి టైరు వెతకడం ఏటేటా కష్టమైపోతోంది.

జెడ్_ఆస్టిన్
సుబ్బు అన్నా, ఈ రిమ్ములు 1970ల నాటివి, పాత ఓనర్ చేత్తో పాలిష్ చేసినవి. వాటిని తీయను. టైరు కోసం రిమ్ము మార్చడం నావల్ల కాదు.

డల్లాస్_సుబ్బు
అలా అయితే అర్థమైంది. నేనైనా తీయను.

కారుపక్క_కాకి
మరి 205/50-15, 195/50-15 మార్కెట్ నిండా ఉన్నాయి కదా, వాటి సంగతేంటి?

లెక్కల_మాస్టారు
@కాకి అవి మాజ్దా మియాటా లాంటి చిన్న కార్లకి. 205/50 అంటే 586. ఫ్యాక్టరీ కంటే దాదాపు 50 తక్కువ. జెడ్ కింద పెడితే పెద్దాయనకి పిల్లల చెప్పులు వేసినట్టు ఉంటుంది.

సికింద్రాబాద్_టైర్లు
మాది మూడు తరాల టైర్ల షాపు, అంబాసిడర్, ఫియట్ రోజుల నుంచి. సైజుల గొడవ మీరు తేల్చుకోండి, నాకు ఒక్కటి చెప్పు తమ్ముడూ. ఆ 225/60 టైర్ల పక్కన డి.ఓ.టి. అని మొదలయ్యే వరుస ఉంటుంది, దాని చివర నాలుగంకెలు. అదే టైరు జాతకం. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నీ నాలుగు టైర్ల మీదా చూసి రాయి. కొన్నిసార్లు ఆ అంకెలు లోపలి పక్కన ఉంటాయి, కారు కింద దూరి చూడాలి.

జెడ్_ఆస్టిన్
ఇప్పుడే టార్చ్ పట్టుకుని చూశాను. మూడింటి మీద 3110. ఒకదాని మీద 3210.

సికింద్రాబాద్_టైర్లు
2010లో 31వ వారం. అంటే ఆగస్టు. పదిహేనేళ్లు దాటాయి. గుండీలు (ట్రెడ్) చూసి "బాగా ఉన్నాయి" అని ఎవరైనా చెప్పారా?

జెడ్_ఆస్టిన్
చెప్పారు. కొన్నప్పుడు ఒక చోట చెక్ చేయించాను, పేరు రాయను. గుండీలు తొంభై శాతం ఉన్నాయి, ఇంకో రెండేళ్లు ఢోకా లేదన్నారు. నిన్ననే అమ్మాయిని కూర్చోబెట్టుకుని హైవే మీద 70లో వెళ్లాను.

సికింద్రాబాద్_టైర్లు
గుండీ అరగలేదంటే బండి తిరగలేదని మాత్రమే అర్థం, రబ్బరు బాగుందని కాదు. రబ్బరు ఎండకి, గాలికి ఎండిపోతుంది. లోపలి స్టీలు పొరల మధ్య అతుకు వదిలేస్తుంది. బయటికి ఏమీ కనబడదు. ఒక వేడి రోజున హైవే మీద పై పొర చీలికలుగా ఊడిపోతుంది. మా షాపుకి అలా వచ్చిన బండ్లు చూశాను, మడ్‌గార్డ్ రేకు కూడా చించుకుని వస్తాయి. ఆ టైర్లతో ఇంక హైవే ఎక్కకు. కొత్తవి వేసేదాకా కారు ఇంట్లోనే ఉంచు. నీకు ఆడపిల్ల ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

బర్మింగ్‌హామ్_బుజ్జి
ఇది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. సైజు తప్పితే చప్పుడు వస్తుంది, ఇది తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్టిన్ గారూ, దయచేసి వినండి.

జెడ్_ఆస్టిన్
విన్నాను. తాళం మా ఆవిడ చేతికిచ్చాను, కొత్త టైర్లు వచ్చేదాకా అడిగినా ఇవ్వొద్దని చెప్పి.

రిమ్ముల_రాజా
మంచి పని చేశావు. కారు ఎలాగూ ఆగింది కాబట్టి ఈ శనివారం ఒక పని చెయ్యి. జాకీ మీద వెనక భాగం లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాలు గాల్లో వేలాడనివ్వు. అప్పుడు స్ప్రింగుని చేత్తో పట్టుకుని ఊపు. కదలకూడదు. కదిలితే, పైచుట్టు కోసిన గుర్తు కనబడితే, ఆ స్ప్రింగులు దించడానికి చేసినవి కాదు, ఒరిజినల్‌వే రంపంతో కోసినవి. ఆ కాలంలో చాలామంది అలా చేశారు.
రెండోది. టైరుకి లోపలి పక్క స్ప్రింగు కూర్చునే గిన్నె ఉంటుంది, స్ట్రట్ గొట్టానికి (లోపల షాక్ ఉండే గొట్టం) వెల్డింగ్ చేసి ఉంటుంది. టైరు పై అంచుకి, ఆ గిన్నెకి మధ్య వేలు దూరుతుందా చూడు. ఇక్కడ అందరూ తికమక పడే విషయం ఒకటుంది. ఆ గిన్నె చక్రంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది. కాబట్టి అక్కడి ఖాళీ గుంటలో పడినా మారదు, ఒక్కసారి కొలిస్తే చాలు. మారేది మడ్‌గార్డ్ దగ్గరి ఖాళీ. దాన్ని కారు నేల మీద ఉండగా కొలిచి లాభం లేదు, చక్రం పైకి నొక్కుకున్నప్పుడు కొలవాలి.

కారుపక్క_కాకి
పైకి నొక్కుకున్నప్పుడు ఎలా కొలుస్తాం రాజా అన్నా? డిక్కీలో పెళ్లివారిని కూర్చోబెట్టాలా?

రిమ్ముల_రాజా
అదీ ఒక పద్ధతే, నా కారులో ఇద్దరు బావమరుదుల్ని కూర్చోబెట్టి చూశాను. సరైన పద్ధతి, స్ప్రింగు తీసేసి స్ట్రట్ తిరిగి బిగించి, జాకీతో చక్రాన్ని మెల్లగా చివరి దాకా లేపి చూడటం. అంత వద్దనుకుంటే, పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి మడ్‌గార్డ్ లోపలి అంచుకి చిన్న చిన్న ఉండలుగా అంటించు. ఇంటి ముందు ఎత్తు మెల్లగా రెండుసార్లు ఎక్కించి దించు. ఎక్కడ నలిగిందో, ఎంత మిగిలిందో అదే చెబుతుంది.

జెడ్_ఆస్టిన్
శనివారం రిపోర్ట్. వెనక ఎడమ స్ప్రింగు చేతిలో గలగలా ఊగింది. పైచుట్టు చివర నల్లగా కాలి ఉంది. నాలుగూ కోసినవే. స్ట్రట్ మాత్రం ఒరిజినల్ పొడుగుదే. అంటే కారు నేల మీద నిలబడితేనే అది రబ్బరు స్టాపర్‌కి అంగుళం దూరంలో ఉంది. గిన్నె దగ్గర 225/60కి చిటికెన వేలు కూడా దూరలేదు.
టైర్ల గురించి అడగడానికి వచ్చాను, కారు కిందంతా తెలిసిపోయింది.

పల్నాటి_పిల్లోడు
తమ్ముడూ, నా ఓటు కాస్త మార్చుకుంటున్నాను. ముందు స్ప్రింగులు. అవి సరిచేయకుండా 225/50 వేసినా అంతే, 205 వేసినా అంతే.

రిమ్ముల_రాజా
రెండు దార్లున్నాయి. ఒకటి, దించడానికే చేసిన స్ప్రింగులు, కొత్త షాక్‌లు వేసుకో. అంగుళమే దిగుతుంది, రోజూ నడపొచ్చు. రెండోది, ఇంకా కిందికి కావాలంటే స్ట్రట్ గొట్టం కోసి పొట్టి చేసి వెల్డింగ్ చేయించి, సన్నటి రెండున్నర అంగుళాల స్ప్రింగుల కాయిలోవర్ (షాక్ చుట్టూ స్ప్రింగు ఉండి ఎత్తు సర్దుకునే సెట్టు) పెట్టించు. పెద్ద గిన్నె పోతుంది కాబట్టి లోపలి పక్క ఖాళీ బాగా వస్తుంది, వెడల్పు టైరు లోపలికి సర్దుకుంటుంది. కానీ వెల్డింగ్ తెలిసినవాడి చేతే చేయించు, అది చక్రాన్ని మోసే గొట్టం.
అమ్మాయితో తిరుగుతానంటున్నావు కాబట్టి నేనైతే మొదటి దారే అంటాను.

లెక్కల_మాస్టారు
ఇంకో చిన్న మాట. ఆ కారుకి పవర్ స్టీరింగ్ లేదు. ఆఫ్‌సెట్ సున్నా రిమ్ముతో చక్రం బయటికి జరిగి ఉంటుంది, పైగా 225 వేస్తే పార్కింగ్‌లో తిప్పేటప్పుడు భుజాలు నొప్పెడతాయి. బరువు మోయడం గురించి భయం లేదు, కారు వెయ్యి కిలోల పైచిలుకే. 205/60 మీద 91 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 615 కిలోలు. పక్కన హెచ్ అక్షరం ఉన్నది తీసుకో, 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఈ కారుకి అంతకంటే తక్కువది వేయకు.

సికింద్రాబాద్_టైర్లు
కొనేటప్పుడు కూడా జాతకం చూడండి. ఈ సైజులు ఎవరూ అడగరు, గోడౌన్‌లో మూడేళ్లు పడి ఉన్నవి కొత్తవని అంటగడతారు. రిమ్ముకి ఎక్కించకముందే అంకెలు అడగాలి.
మన సంగతి ఒకటి చెప్పనా? పాత కార్లకి పాత డిజైన్‌లో టైర్లు చేసే డచ్ కంపెనీ వ్రెడెస్టీన్‌ని 2009లో మన అపోలో వాళ్లు కొన్నారు. అదే అపోలోకి ఆంధ్రలోని చినపండూరులో ఫ్యాక్టరీ ఉంది, 2020 నుంచి టైర్లు తయారవుతున్నాయి. వార్త చదివి మా నాన్న ఎంత సంబరపడ్డారో.

కారుపక్క_కాకి
డాట్సన్‌కి నెల్లూరు రోడ్డు పక్క టైరు వేసే రోజు వస్తుందేమో!

జెడ్_ఆస్టిన్
ఆరు వారాల తర్వాత వచ్చాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. అంగుళం దించే స్ప్రింగులు, కొత్త షాక్‌లు వేయించాను. కారు ఇదివరకటి కంటే దాదాపు అంగుళం లేచింది. మొదటి రోజు చూసి కొంచెం దిగులేసింది, ఎత్తుగా అనిపించి.
తర్వాత 205/60-15 పెట్టాం. అంకెలు అడిగి మరీ కొన్నాను, నాలుగూ నాలుగు నెలల లోపువే. మడ్‌గార్డ్ నిండింది, దిగులు పోయింది. బుజ్జి గారు చెప్పినట్టు నాలుగు మూలలా కొలిచాను. వెనక కుడి పక్క ఎడమ కంటే 5 మి.మీ. బిగువుగా ఉంది. బంకమట్టి పెట్టి ఎత్తు ఎక్కించాం, మట్టి ఉండలు అమ్మాయే చేసింది. మూడు చోట్ల చెక్కు చెదరలేదు. కుడి వెనక ఒక ఉండ నలిగింది. అక్కడ అంచుని హీట్ గన్‌తో వెచ్చచేసి, మెల్లగా లోపలికి మడిపించాను. పెయింట్ పగల్లేదు. ముందు స్టీరింగ్ చివరి దాకా తిప్పినా తగలడం లేదు.
స్టీరింగ్ కూడా తేలికైంది.

పల్నాటి_పిల్లోడు
ఫొటో చూశాను. ఒప్పుకోను కానీ, బాగుంది. నా 280జెడ్‌కి మాత్రం 225/50నే.

రిమ్ముల_రాజా
నీది నీకు, అతనిది అతనికి. ఆస్టిన్, నట్లు యాభై మైళ్లు నడిపాక మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించు. అల్యూమినియం రిమ్ములు మొదట్లో కాస్త సర్దుకుంటాయి.

జెడ్_ఆస్టిన్
నిన్ననే బిగించాను అన్నా. రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.

సికింద్రాబాద్_టైర్లు
పాత నాలుగు టైర్లూ ఏం చేశావు? ఎవరికీ అమ్మలేదు కదా?

జెడ్_ఆస్టిన్
ఒకరు ఫోన్ చేసి ట్రైలర్‌కి అడిగారు, ఇవ్వలేదు. మూడు రీసైక్లింగ్‌కి వెళ్లాయి. నాలుగోది వెనక పెరట్లో చెట్టుకి ఊయల అయింది. అమ్మాయి దాని మీద కూర్చుని ఆ 3210 అంకెలు చూసి, "నాన్నా, ఇది నాకంటే పెద్దది" అంటోంది.